మెట్టుకీ మెట్టుకీ మధ్య

మూడేళ్ల కిందట మా పిన్ని కూతురి పెళ్లికి కాట్రేనికోన వెళ్లాను. ఊరేగింపు మొదలైంది. ముందు డప్పులు, వాటి వెనక మూడు చక్రాల బండి మీద జనరేటరు, రెండు పెద్ద స్పీకర్లు, ఒక కీబోర్డు. కీబోర్డు ముందు ఇరవై ఏళ్ల కుర్రాడు. బండి పక్కనే, చేతిలో క్లారినెట్టు పట్టుకుని, వాయించకుండా నడుస్తున్న ఒక పెద్దాయన. చిన్నప్పుడు మా ఇళ్లలో జరిగిన ప్రతి పెళ్లిలోనూ బ్యాండు మేళానికి ముందు నిలబడి వాయించింది ఆయనే. ఇప్పుడు మధ్యలో ఎక్కడో ఒక్క పాటకి మాత్రం ఆయన్ని వాయించమంటున్నారు. మిగతాదంతా కీబోర్డే. అందులో క్లారినెట్ శబ్దం కూడా ఉంది, ఒక బటన్ నొక్కితే వస్తుంది.

భోజనాల దగ్గర ఆయన పక్కన కూర్చునే వీలు దొరికింది. "ఆ కీబోర్డులో మీ వాద్యం కూడా పెట్టేశారు కదండీ" అన్నాను, ఏదో మాట కలపాలని. ఆయన విస్తరిలోంచి తలెత్తకుండానే, "మెట్లన్నీ ఉన్నాయండి బాబూ, మెట్టుకీ మెట్టుకీ మజ్జెనే ఏం లేదు" అన్నారు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఖాళీ దొరికితే జాజ్ వింటాను, కొత్త వాద్యాల గురించి చదువుతాను, చేతిలో డబ్బులుంటే కొంటాను కూడా. అలాంటివాణ్ని ఆ మాట చాలా రోజులు పట్టుకుంది. దాని వెంట పడి చదువుతూ పోతే, చివరికి మా ఊరికి దగ్గర్లోనే ఉన్న పాలకొల్లుకి చేరాను. ఈ వ్యాసం ఆ ప్రయాణం గురించే.

*

ముందు ఆ క్లారినెట్ సంగతే చూద్దాం. మనం పాతది అనుకుని జాలిపడుతున్న వాద్యం ఒకప్పుడు కొత్త పరికరమే. 1700 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో యోహాన్ క్రిస్టాఫ్ డెన్నర్ అనే వాద్యాల తయారీదారు దీన్ని రూపొందించాడు. తర్వాత ఐరోపా సైనిక బ్యాండుల్లోకి, వాటితోపాటు మన దేశంలోకి వచ్చింది. కంటోన్మెంట్ల నుంచి సంస్థానాల బ్యాండులకీ, అక్కణ్ణించి పెళ్లి మేళాలకీ పాకింది. కోనసీమలో పెళ్లి ఊరేగింపు ముందు క్లారినెట్ మోగడం అనాదిగా వస్తున్న ఆచారమేమీ కాదు. అదీ ఎప్పుడో ఎవరి చేతిలోదో లాక్కునే వచ్చి ఉంటుంది. బహుశా సన్నాయి చేతిలోది.

అయితే మన మేళగాళ్లు దాన్ని తీసుకున్న తీరు వేరు. క్లారినెట్ మీద రంధ్రాలూ మీటలూ ఉంటాయి. పద్ధతిగా వాయిస్తే ఒక స్వరం ఆగి ఇంకో స్వరం మొదలవుతుంది. కానీ రంధ్రం మీది వేలిని ఒక్కసారిగా ఎత్తకుండా మెల్లగా జార్చితే, పెదవుల బిగువు కొంచెం సడలిస్తే, స్వరం ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకుతుంది. మనవాళ్లు కనిపెట్టుకున్న ఈ పనే అమెరికాలో జాజ్ క్లారినెట్ వాద్యకారులూ కనిపెట్టుకున్నారు. 1924 ఫిబ్రవరి 12న న్యూయార్క్‌లో పాల్ వైట్‌మన్ ఆర్కెస్ట్రా జార్జ్ గెర్ష్విన్ రాసిన 'రాప్సొడీ ఇన్ బ్లూ'ని మొదటిసారి వినిపించింది. క్లారినెట్‌తో మొదలయ్యే రచన అది. గెర్ష్విన్ రాసింది మెట్లు మెట్లుగా పైకెళ్లే 17 స్వరాల వరస. రాస్ గోర్మన్ అనే వాద్యకారుడు సాధనలో సరదాకి ఆ వరసని ఒక్క మూలుగులా సాగదీసి వాయించాడు. గెర్ష్విన్ అలాగే ఉంచమన్నాడు. ఈ రోజు ఆ రచన వినగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఆ సాగదీతే.

కాట్రేనికోన పెద్దాయన "మజ్జెన" అన్నది దాని గురించే అని నాకు అప్పుడు అర్థమైంది. కర్ణాటక సంగీతంలో గమకం అంటాం. జాజ్‌లో బ్లూ నోట్ అంటారు, సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో ఊగే స్వరం. పియానో మీద దానికి మెట్టు లేదు. పియానోలో సప్తకాన్ని 12 సమభాగాలు చేస్తారు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకి వెళ్తే కంపనాల సంఖ్య సుమారు 5.95 శాతం పెరుగుతుంది. ఆ మధ్యలో ఏదీ లేదు. జాజ్‌కీ మనకీ ఎన్నో తేడాలున్నాయి. కొత్త వాద్యం చేతికిచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ మొదట అడిగేది ఒకటే: దీని మీద స్వరాన్ని వంచగలమా?

*

కాట్రేనికోన నుంచి పాలకొల్లు వెళ్లాలంటే అమలాపురం, రాజోలు మీదుగా వెళ్లి చించినాడ దగ్గర వశిష్ఠ గోదావరి దాటాలి. సినిమావాళ్ల ఊరిగా దానికి పేరు. క్షీరారామం ఉన్న ఊరు. 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ అక్కడ పుట్టారు. తర్వాత ప్రపంచమంతా మాండలిన్ శ్రీనివాస్ అని పిలిచింది ఆయన్నే. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఈ చిన్న వివరం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. కొత్త వాద్యంతో కర్ణాటక సంగీత చరిత్రని మార్చిన మనిషి ఒక క్లారినెట్ ఇంటి నుంచి వచ్చాడు.

ఆరేళ్ల వయసులో తండ్రితో పాటు ఒక కచేరీకి వెళ్లి మాండలిన్ విన్నాడట. ఇంటికొచ్చాక దాన్ని పట్టుకుని వదల్లేదు. తండ్రి కొత్త మాండలిన్ కొనిచ్చి, తనకి తెలిసింది నేర్పడం మొదలుపెట్టారు. వాసూరావు అనే గిటారిస్టు పాశ్చాత్య సంగీతాన్ని పరిచయం చేశారు. ఆ తర్వాత సత్యనారాయణకి గురువైన రుద్రరాజు సుబ్బరాజు ఈ పిల్లవాణ్ని చేరదీశారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకి మాండలిన్ వాయించడం రాదు. అందుకని పాడేవారు. విన్నదాన్ని పిల్లవాడు తీగ మీద పలికించాలి.

మా వృత్తి భాషలో చెప్పాలంటే గురువు ఇచ్చింది స్పెసిఫికేషన్, ఎలా అమలు చేయాలో చెప్పలేదు. ఏ వేలు ఎక్కడ పెట్టాలి, గమకం కోసం తీగని లాగాలా జార్చాలా అన్నది ఆయనకే తెలియదు. అంతకు ముందు ఆ వాద్యం మీద ఆ సంగీతాన్ని ఆ స్థాయిలో వాయించినవాళ్లు లేరు కాబట్టి కాపీ కొట్టడానికి నమూనా కూడా లేదు. ఉన్నది గొంతు ఒక్కటే. మాండలిన్ ఏమేం చేయగలదో తెలిసిన గురువు దొరికి ఉంటే, బహుశా ఆ హద్దుల్లోనే నేర్పి ఉండేవాడు. సుబ్బరాజు గారికి ఆ హద్దులు తెలియవు. గొంతు చేయగలిగిందల్లా ఈ పెట్టె కూడా చేయాలని అడిగారు.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. 1981లో మద్రాసు డిసెంబరు సీజన్‌లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద కచేరీ. మెచ్చుకున్నవాళ్లతో పాటు పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. మెట్లున్న విదేశీ వాద్యం మీద గమకం ఎలా పలుకుతుందన్నది వాళ్ల సందేహం.

*

ఆ సందేహం తెలివితక్కువది కాదు. హార్మోనియం ఉదాహరణ అప్పటికే కళ్ల ముందుంది. పద్యనాటకం పేరు చెబితే ఆంధ్రదేశంలో మొదట వినిపించేది హార్మోనియమే. అయినా 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. ఆ నిషేధం సడలింది 1971లో. నిషేధం వెనక రాజకీయాలూ అభిరుచుల గొడవలూ ఉన్నాయి. కానీ అభ్యంతరం పూర్తిగా అబద్ధమేం కాదు. హార్మోనియంలో ఒక్కో మెట్టుకి ఒక్కో లోహపు రీడు. దాని స్వరం తయారీలోనే నిర్ణయమైపోయింది. వేలితో మెట్టుని ఎంత బతిమాలినా అది వంగదు.

మాండలిన్‌కి కూడా ఇదే తీర్పు ఇవ్వొచ్చా? ఇక్కడే నాకు వీణ గుర్తొచ్చింది. కోనసీమ పక్కనే ఉన్న ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి వీణ మీద పలికించని గమకం లేదు. ఆ వీణకీ మెట్లే ఉన్నాయి. సప్తకానికి 12 చొప్పున 24. పియానో లెక్కే. మరి తేడా ఎక్కడుంది? వీణ మెట్లు ఎత్తుగా ఉంటాయి, తీగ కింద ఖాళీ ఉంటుంది. తీగని మెట్టు మీద పక్కకి లాగితే పై స్వరాలు వస్తాయి. లాగి వదులుతూ ఉంటే గమకం. అంటే మెట్లు ఉండటం సమస్య కాదు. తీగ లాగడానికి లొంగుతుందా, లాగేంతసేపు నాదం బతికి ఉంటుందా అన్నవి అసలు ప్రశ్నలు.

మామూలు మాండలిన్ ఈ రెండు పరీక్షల్లోనూ తప్పుతుంది. దానికి తీగలు నాలుగు జతలు, మొత్తం 8. జంట తీగలు బిగ్గరగా మోగుతాయి గానీ, ఒకే వేలితో రెండింటినీ లాగితే రెండూ ఒక్కలా సాగవు, శ్రుతి చెదురుతుంది. ఇక నాదం సంగతి. తీగని మీటినప్పుడు మనం దానికిచ్చే శక్తి పరిమితం. ఆ శక్తిని తీగ చెక్కపెట్టెకి అందిస్తే పెట్టె మోగి మనకి వినిపిస్తుంది. బిగ్గరగా మోగాలంటే శక్తిని తొందరగా ఖర్చు చేయాలి. ఎక్కువసేపు మోగాలంటే పొదుపు చేయాలి. చిన్న మాండలిన్‌లో మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది. అందుకే పాశ్చాత్య పద్ధతిలో ఒకే స్వరాన్ని గబగబా మళ్లీ మళ్లీ మీటుతూ నిలబెడతారు. మన పాత సినిమా పాటల్లో మాండలిన్ అనగానే చెవిలో మోగే ఆ వణుకు అదే. గమకానికి అది పనికిరాదు. ఒక్క మీటులోనే స్వరం బయల్దేరి, ఊగి, జారి, దిగాలి.

శ్రీనివాస్ మొదట మామూలు మాండలినే వాయించి, తర్వాత ఎలక్ట్రిక్ మాండలిన్‌కి మారారు. నాలుగు జతల తీగల స్థానంలో అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. జంటల్ని తీసేయడంతో తీగ లాగడానికి లొంగింది. అయిదో తీగతో వాద్యం విస్తృతి పెరిగింది. విద్యుత్తుతో నాదం నిలబడింది.

విద్యుత్తు ఇక్కడ చేసిన పని కేవలం శబ్దం పెంచడం అనుకుంటే పొరపాటు. తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ చుట్టిన సన్నని తీగచుట్ట: అదే పికప్. పైన లోహపు తీగ కదిలితే చుట్టలో విద్యుత్ సంకేతం పుడుతుంది. దాన్ని పెద్దది చేసే పని యాంప్లిఫయర్‌ది. కాబట్టి తీగ తన శక్తిని ధారపోసి పెట్టెని మోగించాల్సిన అవసరం తగ్గిపోయింది. తన కదలికని తనే దాచుకోవచ్చు. బిగ్గరగా ఉండటానికీ ఎక్కువసేపు ఉండటానికీ మధ్య ఉన్న పాత తగాదా ఈ చిన్న పరికరంతో తెగిపోయింది.

*

ఆ పికప్ జాజ్ నుంచి వచ్చిన బహుమతి అనొచ్చు. డ్యాన్సు హాళ్లలో పెద్ద బ్యాండుల ట్రంపెట్లూ సాక్సఫోన్ల మధ్య గిటార్ వినపడేది కాదు. వెనకాల తాళం కొడుతూ కూర్చోవడమే దాని పని. గిబ్సన్ కంపెనీ 1936లో ఈఎస్-150 అనే ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చింది. 1939లో బెనీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ దాన్ని సాక్సఫోన్‌లా, ఒక్కో స్వరాన్నీ పలుకుతూ, ముందుకొచ్చి వాయించాడు. 1942లో, 25 ఏళ్లకే చనిపోయాడు. ఆ కొద్ది కాలంలో గిటార్ స్థానం మారిపోయింది. పికప్‌ని కనిపెట్టింది అతను కాదు. దాన్ని ఏమడగాలో కనిపెట్టాడు. వినపడాలన్నది కంపెనీ కోరిక, ఊపిరితో వాయించే వాద్యంలా మాట్లాడాలన్నది అతని కోరిక.

ఆ దారిలో వచ్చిన ఇంగ్లీషు జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 1970లలో సరిగ్గా ఎదురు దిశలో నడిచాడు. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. అప్పటికే ఎలక్ట్రిక్ గిటార్‌తో పేరు తెచ్చుకున్నవాడు, ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయకరామ్‌లతో 'శక్తి' బృందం కట్టి మామూలు చెక్క గిటార్‌కి మళ్లాడు. మామూలు అంటే పూర్తిగా మామూలు కాదు. ఏబ్ వెక్టర్ అనే తయారీదారు అతనికోసం చేసిన గిబ్సన్ గిటార్‌లో అడ్డంగా 7 అనునాద తీగలున్నాయి. మెట్ల మధ్య చెక్కని గుంటలుగా తొలిచారు. గుంట ఎందుకంటే, వేలు చెక్కకి రాసుకోకుండా తీగని పట్టుకుని లాగడానికి. వీణలో ఎత్తైన మెట్లు చేసే పనే అది. వీణ దగ్గరికి వెళ్లడానికి ఒక జాజ్ వాద్యకారుడు చెక్కని తొలిచాడు. అక్కడికే వెళ్లడానికి పాలకొల్లు కుర్రాడు జాజ్‌వాళ్ల పికప్‌ని అందుకున్నాడు.

వాళ్లిద్దరూ కలవడానికి కొంత కాలం పట్టింది. శ్రీనివాస్ 1983లో, 14 ఏళ్ల వయసులో, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక కచేరీ చేశారు. జాజ్ కోసం వచ్చిన శ్రోతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' ఆల్బమ్ చేశారు. ఈ బ్రూక్ తయారు చేసిన పరికరం పేరు 'ఇన్‌ఫినిట్ గిటార్'. మీటిన తీగ ఆరిపోకుండా ఎలక్ట్రానిక్స్‌తో దాన్ని మోగిస్తూనే ఉంచే గిటార్ అది. నాదం నిలవాలన్న తపన ఉన్న ఇద్దరు ఒక గదిలో కూర్చున్నారన్న మాట. తర్వాత మెక్‌లాఫ్లిన్ 'రిమెంబర్ శక్తి' పేరుతో బృందాన్ని మళ్లీ నిలబెట్టినప్పుడు శ్రీనివాస్ అందులో చేరారు. 2000లో వచ్చిన 'ది బిలీవర్', 2001లో వచ్చిన 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే' వింటే ఆ రెండు ఎదురు ప్రయాణాలూ ఒకచోట కలుసుకోవడం వినిపిస్తుంది. గిటారూ మాండలినూ సవాలు-జవాబు వాయిస్తున్నప్పుడు ఒక్కోసారి ఎవరు ఎవరో నాకు తెలియదు. 2014 సెప్టెంబర్ 19న, 45 ఏళ్లకే శ్రీనివాస్ వెళ్లిపోయారు.

*

ఇక నా సంగతి. ఆయన బెర్లిన్‌లో వాయించిన 1983లోనే మా రంగంవాళ్లు సంగీతానికి ఇంకో బహుమతి ఇచ్చారు: మిడి. వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే భాష. ఈ రోజుకీ ప్రతి స్టూడియోలోనూ, ఆ పెళ్లి బండి మీది కీబోర్డులోనూ నడుస్తున్నది అదే. ఆ భాషలో స్వరం అంటే 0 నుంచి 127 లోపు ఒక అంకె. ఏ మెట్టు, ఎంత బలంగా నొక్కావు, ఎప్పుడు వదిలావు. అంతే. స్వరాన్ని వంచడానికి 'పిచ్ బెండ్' అని వేరే సందేశం ఉంది. దానికి 16,384 స్థాయిలున్నాయి, సూక్ష్మతకి లోటు లేదు. కానీ అది ఆ ఛానెల్‌లో మోగుతున్న అన్ని స్వరాల్నీ కలిపి వంచుతుంది. పియానోని మనసులో పెట్టుకుని రాసిన భాష కదా. అందులో స్వరం నామవాచకం, వంపు విశేషణం. మన సంగీతంలో వంపు లేనిదే కొన్ని స్వరాలకి ఉనికే లేదు. తోడిలో గాంధారాన్ని ఒక అంకెగా రాసి చూడండి, తోడి ఎగిరిపోతుంది.

2018లో ఈ లోటు తీర్చడానికి ఎంపీఈ అనే కొత్త ప్రమాణం వచ్చింది. ఒక్కో స్వరానికి ఒక్కో ఛానెల్ ఇచ్చి, ఏ వేలి కింది స్వరాన్ని ఆ వేలితోనే వంచుకునేలా చేసింది. మెత్తటి రబ్బరు మెట్లతో, అడ్డంగా వేలు జార్చితే స్వరం జారే కీబోర్డులు ఇప్పుడు దొరుకుతున్నాయి. బోనస్ డబ్బులతో నేనూ ఒకటి కొన్నాను. వారం రోజులు దాంతో కుస్తీ పట్టాను. ఏం రాలేదు. తప్పు దానిది కాదు. అది గమకం పలకడానికి సిద్ధంగానే ఉంది. ఏ గమకం పలకాలో నాకే తెలియదు. నా చెవిలో గొంతు లేదు. ఆ కీబోర్డు మీద చివరికి నేను వాయించింది మామూలు పియానో పాఠాలు. ఇప్పుడది సంచిలో ఉంది.

కొత్త పరికరాల గురించి మనం మాట్లాడుకునే మాటల్లో ఈ లోటు నాకు ఇప్పుడే కనిపిస్తోంది. ఒక పక్షం కొత్త యంత్రం వచ్చి పాత కళని చంపేసిందంటుంది. ఇంకో పక్షం సాంకేతికత అందరికీ సంగీతాన్ని అందించిందంటుంది. పాలకొల్లు కథ రెండిటికీ లొంగదు. అక్కడ యంత్రం కొత్తది, చెవి పాతది. క్లారినెట్ వాయించే తండ్రి ఇల్లూ, పాడి వినిపించే గురువూ లేకపోతే ఎలక్ట్రిక్ మాండలిన్ అంటే ఒక పికప్, అయిదు తీగలు. అందుకే పెళ్లి ఊరేగింపులో కీబోర్డు వచ్చి క్లారినెట్‌ని పక్కకి నెట్టినప్పుడు, పోయేది ఆ గొట్టం ఒక్కటే అయితే నాకంత బాధ లేదు, అదీ ఒకప్పుడు అలాగే వచ్చింది కనక. ఆ పెద్దాయన్ని బండి పక్కన ఊరికే నడిపించి, ఇంటికి పంపించేస్తే ఆయన చెవి కూడా పోతుంది. రేపు ఎంత గొప్ప కీబోర్డు కొన్నా దాన్ని ఏమడగాలో చెప్పేవాళ్లు ఉండరు. ఆయనకి ఆ రాత్రి ఇచ్చిన డబ్బు కీబోర్డు కుర్రాడికి ఇచ్చినదాంట్లో సగమని తర్వాత తెలిసింది.

ఆ పెళ్లిలో చూసిన ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. అప్పుడు దాని విలువ నాకు తెలియలేదు. అర్ధరాత్రి దాటాక, ముహూర్తానికి ఇంకా టైముందనగా, పందిరి బయట బండి దగ్గర కుర్రాడు ఏదో పాట సాధన చేస్తున్నాడు. ఒక చోట సరిగ్గా రావట్లేదు. పెద్దాయన బీడీ పారేసి దగ్గరికొచ్చి, "అది కాదురా" అని గొంతుతో పాడి చూపించారు. కుర్రాడు కుడిచేత్తో మెట్టు నొక్కి, ఎడమచేత్తో కీబోర్డు పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పాడు. పిచ్ బెండ్ చక్రం. స్వరం కొంచెం జారింది, ఎక్కువ జారింది. పెద్దాయన తల అడ్డంగా ఊపి మళ్లీ పాడారు. కుర్రాడు మళ్లీ తిప్పాడు. నాలుగోసారో అయిదోసారో ఆయన ఏం అనకుండా ఇంకో బీడీ తీసి వెలిగించుకున్నారు.